మీటరు దాటిన తర్వాత వైరు మనదే

(రాయగడలో తెలుగు కార్మిక కుటుంబాల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మిల్లులో మోటారు దగ్గర వైరు తొడుగు ఊడిపోతే మనం ఊరుకోం. మిషను ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాం. "షిఫ్టు అయ్యాక చూద్దాంలే" అని సూపర్‌వైజరు అన్నా వినం. అదే వైరు మన వంటింట్లో ఊడిపోతే మాత్రం ఇంత టేపు చుట్టి, పైన ఒక క్యాలెండరు తగిలించి ఏళ్లు గడుపుతాం.

మిల్లుకు ఇన్‌స్పెక్టరు వస్తాడు, మన ఇంటికి రాడు. పనిలో ప్రమాదం జరిగితే 1923 నాటి నష్టపరిహార చట్టం మొదలు ఈనాటి దాకా అడిగే హక్కు మనకుంది. ఇంట్లో షాకు కొట్టి సంపాదించే మనిషి పోతే ఆ చట్టం అక్కరకు రాదు. పెళ్లాం పిల్లలు వీధిన పడతారు. అందుకే ఈ సంగతి యూనియన్ సభలో మాట్లాడుతున్నాం.

"ఇల్లంతా కొత్త వయరింగు చేయించాలంటే డబ్బేదీ?" అని చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మేము చెప్పేది ఒక్కటే. మొత్తం డబ్బు కూడేదాకా ఆగవద్దు. ఉన్న కాస్త డబ్బును ముందు ప్రాణం తీసే చోట పెట్టండి. మిగిలినవి వరసగా చేసుకోవచ్చు.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. మన కోరాపుట్ కొండల నీటితో పుట్టిన ఆ కరెంటులో ఆంధ్రకూ, ఒడిశాకూ వాటా ఉంది. ఆ తరం ఇళ్లలో చెక్క పట్టీల మీద రబ్బరు తొడుగు వైర్లు వేసేవారు. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పెళుసెక్కి రాలిపోతుంది. పైగా ఇక్కడి వానలకు గోడలు నెలల తరబడి చెమ్మగిలి ఉంటాయి. అలాంటి గోడ మీద అలాంటి వైరు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కరెంటు ఇచ్చేవాళ్ల పేర్లు మారాయి. ఒకప్పుడు బోర్డు ఉండేది. 2021 జనవరి 1 నుంచి దక్షిణ ఒడిశా పంపిణీ టాటా పవర్ సదరన్ ఒడిశా కంపెనీ చేతికి వచ్చింది. ఎవరు వచ్చినా మీటరు దాకానే వాళ్ల పని. మీటరు దాటిన తర్వాత వైరు మనదే, బాధ్యతా మనదే.

ఇక చేయవలసినవి చెబుతాం.

మొదట, పైసా ఖర్చు లేనివి. బట్టలారేసే ఇనప తీగను సర్వీసు వైరుకు, రేకుల కప్పుకు దూరంగా మార్చండి. వీలైతే ఇనపది తీసేసి నైలాన్ తాడు కట్టండి. ప్లగ్గు లేకుండా వైరు కొసలు బెజ్జాల్లో దూర్చి అగ్గిపుల్లలు బిగించే అలవాటు ఈరోజే మానండి. చలికాలంలో నీళ్లు కాచే రాడ్డును స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టండి. ఫ్యాను గాని, ఫ్రిజ్ గాని ముట్టుకుంటే జివ్వుమంటోందా? "కొంచెమే కదా" అనవద్దు. బాగుచేయించే దాకా దాన్ని వాడవద్దు.

రెండవది, ఫ్యూజు సంగతి. ఫ్యూజు పోయినప్పుడల్లా లావుపాటి రాగి తీగ చుట్టేస్తున్నాం. అప్పుడు ఫ్యూజు పోదు, గోడలో వైరు కాలుతుంది. లెక్క చూడండి. 1500 వాట్ల రాడ్డు 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె నాలుగు పైచిలుకు లాగుతుంది. రెండూ కలిస్తే దాదాపు 11 ఆంపియర్లు. లైట్ల కోసం పెట్టిన చిన్న ప్లగ్గు దానికి తట్టుకోదు. రాడ్డుకు, ఇస్త్రీ పెట్టెకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో వేరే లైను, పెద్ద ప్లగ్గు ఉండాలి. లైట్లకు, ఫ్యాన్లకు 1.5 సరిపోతుంది.

మూడవది అన్నింటికన్నా ముఖ్యం. ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 5 ఆంపియర్ల ఫ్యూజు పోవాలంటే 5,000 మిల్లీ ఆంపియర్లకు పైగా కరెంటు పారాలి. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు చాలు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి ఉంది. కరెంటు దారితప్పి ఒంటిగుండా నేలలోకి పోతుంటే అది రెప్పపాటులో లైను కట్టేస్తుంది. చేతిలో డబ్బు ఒక్క వస్తువుకే సరిపోతే ముందు అదే కొనండి. నెలకోసారి దాని మీదున్న టెస్టు బొత్తాం నొక్కి చూడండి. అయితే ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది కాపాడలేదు. పాత ఇంట్లో బిగిస్తే వానాకాలం మాటిమాటికీ పడిపోవచ్చు. అది స్విచ్చి తప్పు కాదు, ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం. ఆ చోటు వెతికించండి. స్విచ్చిని తీసేయనివ్వకండి.

నాలుగవది ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గు కొంటాం, బోర్డులో మూడో బెజ్జానికి వైరే ఉండదు. కొందరు పని తేలిక కోసం అక్కడ న్యూట్రల్‌నే కలిపేస్తారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటే. ఎర్తుకు వేరే ఆకుపచ్చ వైరు వేయించి, నేలలో పాతిన పైపుకు కలిపించండి.

మీటరు దగ్గర, మెయిన్ స్విచ్చి దగ్గర ఎవరూ సొంతంగా చెయ్యి పెట్టవద్దు. మెయిన్ కట్టేసినా మీటరు వైపు వైరులో కరెంటు ఉంటుంది. ఆ పని లైసెన్సు ఉన్నవాడి చేతనే చేయించాలి.

మరి డబ్బు? ఒక్కొక్కరం విడిగా మీటర్ల లెక్కన కొంటే ధర ఎక్కువ పడుతుంది, ఐ.ఎస్.ఐ. గుర్తు లేని సరుకు అంటగడతారు. 90 మీటర్ల చుట్ట ఒకటి తెచ్చి నాలుగైదు ఇళ్లవాళ్లు పంచుకోండి. ఎలక్ట్రీషియన్‌ను ఒకే రోజు అన్ని ఇళ్లకూ మాట్లాడుకోండి, కూలి కలిసొస్తుంది. చిట్టీలు కట్టడం మనకు కొత్త కాదు. నెలకొక ఇంటికి ఆర్.సి.సి.బి. వచ్చేలా ఒక చిట్టీ వేసుకోండి. అద్దె ఇళ్లవాళ్లు ఒంటరిగా కాక, నలుగురూ కలిసి ఇంటి యజమానిని అడగండి. ఒప్పుకున్నది కాగితం మీద రాయించుకోండి.

చివరిగా ఒక మాట పిల్లలకు కూడా నేర్పండి. ఎవరికైనా షాకు తగిలితే వాళ్లను ముట్టుకోకూడదు. ముందు మెయిన్ కట్టాలి. అది అందకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో వైరును నెట్టాలి. ఊపిరి ఆడుతోందో లేదో చూసి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

వచ్చే ఆదివారం ప్రతి వీధిలో ఇద్దరేసి చొప్పున బయలుదేరి ఇంటింటి వయరింగూ చూడండి. ఏ ఇంట్లో ఏ లోపం ఉందో రాసి కమిటీకి ఇవ్వండి. బాగా లేనివాళ్ల ఇంటితోనే పని మొదలుపెడదాం. మన ఇళ్లకు ఇన్‌స్పెక్టర్లం మనమే.