జర్మనీలో ఇల్లు దొరికేదాకా: నేను చేసిన తప్పులు, నేర్చుకున్నవి

జర్మనీలో ఇల్లు ఎలా వెతకాలి అని చాలామంది అడుగుతున్నారు. ఈరోజు నా కథే చెప్తాను. ఇందులో నేను దాదాపు మోసపోయిన సంగతి కూడా ఉంది.

నేను ఖమ్మం నుంచి బెర్లిన్‌కి సెప్టెంబర్ చివర్లో వచ్చాను. ఒక సీనియర్ అన్న వాళ్ల రూమ్‌లో నేల మీద పడక. "రెండు వారాలు ఉండు తమ్ముడూ" అన్నాడు. ఏడు వారాలు ఉన్నాను.

అక్కడే ఉండిపోవచ్చు కదా అంటారా? కుదరదండీ. ఇక్కడ ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఆ అడ్రస్‌ని ప్రభుత్వ ఆఫీసులో నమోదు చేయించాలి. దాన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. అన్న వాళ్ల ఓనర్ ఇవ్వనన్నాడు. నమోదు లేకపోతే ట్యాక్స్ నంబర్ రాదు. నా బ్యాంకు కూడా ఆ కాగితమే అడిగింది. నాన్న లోన్ తీసి కట్టిన డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో ఉంది, నా చేతికి మాత్రం రావట్లేదు!

అప్పుడే ఒక యాడ్ కనిపించింది. ఊరి మధ్యలో ఫ్లాట్, 400 యూరోలు, అన్నీ కలిపి. ఓనర్ మెయిల్ పెట్టాడు: "నేను వేరే దేశంలో ఉన్నాను, రెండు నెలల డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి" అని. నిజం చెప్తున్నా, అన్న దగ్గర అప్పు తీసుకుని పంపడానికి రెడీ అయిపోయాను. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేస్తే ఒకటే మాట అన్నారు: "మన ఊళ్లో టు-లెట్ బోర్డు చూసి, లోపలికి వెళ్లి నల్లా తిప్పి చూడకుండా ఎప్పుడైనా అడ్వాన్స్ ఇచ్చామా రా?" సరే, వీడియో కాల్‌లో ఇల్లు చూపించమని ఆ ఓనర్‌ని అడిగాను. మళ్లీ జవాబు లేదు. ఇల్లు చూడకుండా, కాంట్రాక్ట్ లేకుండా ఒక్క యూరో కూడా పంపకండి. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో రెండు విషయాలు. యాడ్‌లో కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె. వార్మ్‌మీటె అంటే మామూలుగా హీటింగ్, నీళ్లు లాంటివి కలిపిన అద్దె. కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు విడిగానే ఉంటాయి, అడిగి తెలుసుకోండి. డిపాజిట్ చట్టం ప్రకారం మూడు నెలల ఉత్త అద్దెకి మించకూడదు, అది కూడా మూడు వాయిదాల్లో కట్టొచ్చు. నాకు ఇది ముందు తెలియదు.

చివరికి దొరికింది వేగే, అంటే షేరింగ్ ఫ్లాట్‌లో ఒక గది. ఇక్కడ చాలాచోట్ల మనల్ని ఎంచుకునేది ఓనర్ కాదు, ఆ ఇంట్లో ఉండేవాళ్లే. మొదట్లో అరవై మందికి "రూమ్ ఖాళీగా ఉందా?" అని ఒకే మెసేజ్ పెట్టాను. ఒక్కరూ పలకలేదు. తర్వాత నేనెవరు, ఏం చదువుతున్నాను, ఎన్నింటికి పడుకుంటాను అని వచ్చీరాని జర్మన్‌లో ఐదు లైన్లు రాశాను. ముగ్గురు పిలిచారు. ఒకచోట "వంట చేస్తావా?" అని అడిగారు. "రోజూ చేస్తాను, పోపు వాసన వస్తుంది" అని ఉన్నదే చెప్పాను. కిటికీ తెరిస్తే చాలు అన్నారు. ఓనర్ కాగితం కూడా వచ్చింది.

గది దొరికింది కదా, ఇక అయిపోయింది అనుకున్నాను. మొదటి ఆదివారం ఇడ్లీ పిండికి మిక్సీ వేస్తే కింద ఇంటి పెద్దావిడ వచ్చి తలుపు తట్టారు. ఆదివారం ఇక్కడ నిశ్శబ్దం పాటించాలి, రాత్రి పది తర్వాత కూడా అంతే. అప్పటినుంచి శనివారం సాయంత్రమే రుబ్బుతున్నాను. షాపులు కూడా ఆదివారం దాదాపు అన్నీ మూసే ఉంటాయి, పెరుగు ముందే తెచ్చుకోండి!

ఇంకోటి. బ్యాంకు కార్డు ఎంతకీ రాలేదు. ఎందుకో తెలుసా? ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్ట్‌బాక్స్ మీద మన పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ఆ రోజే చీటీ మీద పేరు రాసి టేప్ అంటించాను. దాన్ని ఫోటో తీసి ఇంటికి పంపాను. నాన్న ఫోన్ చేసి, "ఇప్పుడు నీకంటూ ఒక అడ్రస్ వచ్చింది రా" అన్నారు. ఏడు వారాల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మీరు ఇల్లు వెతుక్కుంటూ ఉంటే కంగారుపడి డబ్బు పంపకండి. ఎక్కడ ఆగిపోయారో కామెంట్‌లో రాయండి, నాకు తెలిసినంత చెప్తాను. మళ్లీ కలుద్దాం, ఉంటాను.