మాక్‌బెత్ నాటకంలో మంత్రగత్తెలు: చెప్పినదెంత, చెప్పనిదెంత?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరు వచ్చి షేక్స్‌పియర్ గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. నేను సాహిత్య పండితుణ్ణి కాను. మనలో చాలామందికి లాగే నాకూ షేక్స్‌పియర్ మొదట పరిచయమైంది నాన్-డీటెయిల్ క్లాసులో, లాంబ్ రాసిన కథల రూపంలో. అందులోని మాక్‌బెత్ కథ చదివి, మంత్రగత్తెలు ఒక మంచి వీరుణ్ణి పాడుచేశారని మనమంతా అనుకున్నాం. తర్వాత అసలు నాటకం చదివితే తెలిసింది, రాజును చంపమని ఆ ముగ్గురూ మాక్‌బెత్‌తో ఎక్కడా చెప్పరు. వాళ్ళు చెప్పింది ఎంత, చెప్పకుండా వదిలింది ఎంత అన్నదే ఈ రోజు నా విషయం.

ముందు ఆ కాలం సంగతి రెండు మాటల్లో. స్కాట్లాండులో 1590-91లో నార్త్ బెర్విక్ విచారణలు జరిగాయి. డెన్మార్క్ నుంచి రాజు, రాణి వస్తున్న ఓడల మీదకు మంత్రగత్తెలు తుఫానులు పంపారని ఆరోపణ. జేమ్స్ రాజు స్వయంగా కూర్చుని నిందితులను ప్రశ్నించాడు. 1597లో మంత్రవిద్య మీద ఒక పుస్తకమే రాశాడు. 1603లో ఆయనే ఇంగ్లండుకూ రాజయ్యాడు. మరుసటి ఏడే అక్కడ మంత్రవిద్యపై ఇంకా కఠినమైన చట్టం వచ్చింది. మాక్‌బెత్ రాసింది సుమారు 1606లో. అంటే ఆ ప్రేక్షకులకు మంత్రగత్తె కట్టుకథలో మనిషి కాదు, పక్క వీధిలో ఉండగల మనిషి.

గ్లోబ్ నాటకశాలలో ప్రదర్శనలు మధ్యాహ్నం, ఆరుబయట, పగటి వెలుతురులోనే జరిగేవి. దీపాలు ఆర్పి భయపెట్టే వీలు లేదు. డప్పులు మోగించి, ఇనుప గుండు దొర్లించి ఉరుము పుట్టించేవారు. మిగతా చీకటంతా మాటలతోనే కల్పించాలి. అందుకని షేక్స్‌పియర్ మంత్రగత్తెల మాటకు వేరే నడక పెట్టాడు. మిగతా పాత్రల పద్యపాదం సాధారణంగా పది అక్షరాలది. వీళ్ళది ఎక్కువగా ఏడక్షరాల పొట్టి పాదం, చెవికి కోలాటం దెబ్బలా తగులుతుంది. భాష పూర్తిగా తెలియనివాడికి కూడా వీళ్ళు మన మనుషులు కారని వినగానే అర్థమవుతుంది.

ఇప్పుడు దృశ్యాల వరస చూడండి. మొదటి దృశ్యం పది పన్నెండు పంక్తులే. మళ్ళీ ఎప్పుడు, ఎక్కడ కలవాలో ముగ్గురూ నిర్ణయించుకుంటారు, మాక్‌బెత్ పేరు పలుకుతారు, వెళ్ళిపోతారు. కథానాయకుడు ఇంకా రాలేదు, అతని కోసం ఎవరో కాచుకుని ఉన్నారని మనకు ముందే తెలిసిపోయింది. రెండో దృశ్యంలో డంకన్ రాజు ద్రోహి అయిన కాడర్ ప్రభువు పదవిని మాక్‌బెత్‌కు ఇవ్వమని ఆజ్ఞాపిస్తాడు. మూడో దృశ్యంలో మంత్రగత్తెలు మాక్‌బెత్‌ను మూడు రకాలుగా పిలుస్తారు. గ్లామిస్ ప్రభువు అంటారు, అది అతనికి ఉన్న పదవే. కాడర్ ప్రభువు అంటారు, అది అప్పటికే ఖాయమైంది, అతనికి తెలియదంతే. కాబోయే రాజు అంటారు. నిజంగా జోస్యం ఈ మూడోదే.

కాసేపటికి రాజదూత వచ్చి కాడర్ పదవి సంగతి చెప్పగానే, రెండు నిజమయ్యాయి కాబట్టి మూడోదీ నిజమవుతుందని మాక్‌బెత్ లెక్క వేసుకుంటాడు. ఆ రెండోదానికి మంత్రం అక్కర్లేదని సభలో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు, రంగస్థలం మీద ఉన్న అతనికి తప్ప. ఒక మనిషి తప్పుడు లెక్క వేసుకుంటుంటే చూస్తూ ఏమీ చెయ్యలేకపోవడం, అదీ ఇక్కడ ప్రేక్షకుడికి కలిగే భయం.

పక్కనే బాంకో ఉన్నాడు. అతనికీ జోస్యం చెప్పారు, అతని వంశంవాళ్ళు రాజులవుతారని. అతనికీ ఆశ కలుగుతుంది. కానీ చీకటి శక్తులు చిన్న నిజాలు చెప్పి పెద్ద విషయంలో ముంచుతాయని స్నేహితుణ్ణి హెచ్చరిస్తాడు. షేక్స్‌పియర్ ఆధారంగా తీసుకున్న హాలిన్‌షెడ్ చరిత్రలో రాజు హత్యలో బాంకో కూడా భాగస్వామే. జేమ్స్ రాజు తన వంశానికి మూలపురుషుడు బాంకో అని చెప్పుకునేవాడు కనుక, ఆ పాత్రను నిర్దోషిగా మార్చడానికి రాజుగారి మెప్పు ఒక కారణం కావచ్చు. నాటకానికి మాత్రం గొప్ప మేలు జరిగింది. ఒకే చోట, ఒకే మనుషుల నుంచి ఇద్దరూ జోస్యం విన్నారు. ఒకడు హంతకుడయ్యాడు, ఒకడు కాలేదు. ఇంజనీరుగా నాకు ఇది బాగా తెలిసిన పరీక్ష. ఒకే గాలివానకు రెండు గోడల్లో ఒకటే కూలితే గాలివానను మాత్రమే తిట్టి రిపోర్టు ముగించలేం, కూలిన గోడలో బీట ఎక్కడుందో వెతకాలి. మాక్‌బెత్‌లో ఆ బీట కూడా నాటకం చూపిస్తుంది. జోస్యం వినగానే అతను ఉలిక్కిపడతాడు. శుభవార్తకు ఎందుకు భయపడుతున్నావని బాంకో అడుగుతాడు. ఆ ఆలోచన అతని మనసులో ముందే ఉందేమోనన్న అనుమానం మనకు అక్కడే మొదలవుతుంది.

వాళ్ళ శక్తికి ఉన్న హద్దు కూడా అదే దృశ్యంలో ఉంది. ఒక నావికుడి భార్య తాను తింటున్న చెస్ట్‌నట్ గింజలు పెట్టలేదని ఒక మంత్రగత్తెకు కోపం. ఆమె భర్త ఓడను తుఫానులో అల్లాడిస్తానంటుంది, ముంచడం మాత్రం తన చేతిలో లేదని తానే ఒప్పుకుంటుంది. మాక్‌బెత్ అడుగుపెట్టక ముందే మనకు ఈ సంగతి చెప్పేశారు.

నాలుగో అంకంలో వరస తిరగబడుతుంది. మొదట వాళ్ళు అతని కోసం కాచుకున్నారు, ఇప్పుడు అతనే వాళ్ళను వెతుక్కుంటూ వెళ్తాడు. అక్కడ కనిపించే రూపాల్లో ఒకటి నెత్తుటికి జంకవద్దని కూడా అంటుంది. కానీ అప్పటికే అతను రాజును చంపాడు, బాంకోను చంపించాడు. స్త్రీకి పుట్టినవాడెవడూ నిన్నేమీ చెయ్యలేడు, బర్నమ్ అడవి కదిలి వచ్చేదాకా నీకు ఓటమి లేదు అని వింటాడు. రెండూ అక్షరాలా నిజమే. శత్రు సైనికులు ఆ అడవి కొమ్మలు పట్టుకుని వస్తారు. మాక్‌డఫ్ తల్లి కడుపు కోసి తీసిన బిడ్డ. మాటలోని అబద్ధం వల్ల కాదు, తనకు కావలసిన అర్థమే వినడం వల్ల అతను చెడిపోయాడు.

ఆ తర్వాత మంత్రగత్తెలు మళ్ళీ రంగస్థలం మీదకు రారు. వాళ్ళకు శిక్ష లేదు, ఎవరూ వాళ్ళను వెతకరు కూడా. చివరి అంకమంతా వాళ్ళ మాటలే పనిచేస్తాయి, తల తెగేది మాక్‌బెత్‌ది.

ఇదే కాలంలో ఇంకో నాటకం వచ్చింది. 1621లో ఎలిజబెత్ సాయర్ అనే స్త్రీని మంత్రగత్తె అని లండన్‌లో ఉరితీశారు. ఆ ఏడాదే డెకర్, ఫోర్డ్, రౌలీ కలిసి ఆమె కథతో ‘ఎడ్మంటన్ మంత్రగత్తె’ రాశారు. అందులో ఆమె ఎండుపుల్లలు ఏరుకునే పేద ముసలిది. పొలం ఆసామి కొడతాడు, ఊరంతా మంత్రగత్తె అంటుంది. ఎలాగూ ఆ పేరు పడింది కదా అని కసి పట్టిన సమయంలో సైతాను నల్లకుక్క రూపంలో వస్తాడు. మంత్రగత్తెను తయారుచేసింది ఊరేనని ఆ నాటకం చూపించింది, అది కూడా నిజమైన ఉరి జరిగిన కొన్ని నెలలకే.

నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు మనకెందుకు అంటారా? చేతబడి చేశారన్న అనుమానంతో మనిషిని కొట్టారు, చంపారు అన్న వార్త మన తెలుగు పత్రికల్లో ఇప్పటికీ వస్తోంది. బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, గేదె చచ్చిపోయినా ఎవరో ఒక ఒంటరి మనిషి మీద వేలు చూపించడం తేలిక. ఆ వేలు చూపించే గుంపులో బడి చదువు చదివినవాళ్ళు కూడా ఉండడం నాకు బాధ కలిగించే విషయం.

అందుకే సంఘానికి నాదొక మనవి. వచ్చే వార్షికోత్సవానికి మన పిల్లల చేత మాక్‌బెత్ మొదటి మూడు దృశ్యాలు, తెలుగులోనైనా సరే, ఆడిద్దాం. పెద్ద ఖర్చు లేదు, ఉరుముకు ఒక డప్పు చాలు. ఆట అయ్యాక పిల్లల్ని ఒక్క ప్రశ్న అడుగుదాం: చంపమని ఎవరు చెప్పారు? జవాబు వాళ్ళనే వెతకనిద్దాం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవమని మనకు నేర్పిన గురువులు ఈ వేదిక మీదే ఉన్నారు. ఆ పిల్లలకూ వారి చేతనే పాఠం చెప్పిద్దాం.