కొమ్మ నుండి కొమ్మకు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విజ్ఞాన విషయమొకటి ముచ్చటించవలసిందని నిర్వాహకులు కోరారు. మన చేలలో నిత్యం కానవచ్చే అలైంగిక ప్రత్యుత్పత్తినే ఎన్నుకొన్నాను. స్త్రీ పురుష బీజకణాల కలయిక లేకుండా, ఒకే జీవి నుండి సంతానం కలగడమే దీని లక్షణం. అమీబా రెండుగా చీలి రెండు జీవులవుతుంది. హైడ్రా మేనిపై మొగ్గ తొడిగి, అది విడివడి పిల్ల హైడ్రా అవుతుంది. రాత్రి రుబ్బి ఉంచిన దోసెపిండి తెల్లవారేసరికి పొంగడం కూడా ఇటువంటి సూక్ష్మజీవుల చలవే.

మొక్కలలో ఈ విధానాన్ని శాఖీయ వ్యాప్తి అంటారు. శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంతకు ఆధారం మల్బరీ. ముదిరిన కొమ్మను మూడు నాలుగు కణుపులుండేటట్లు జానెడేసి ముక్కలుగా కోసి నాటితే తోట సిద్ధమవుతుంది. చిక్కబళ్లాపురం ‘బెంగళూరు బ్లూ’ ద్రాక్షలో గింజలున్నా రైతు గింజ నాటడు, కొమ్మనే నాటుతాడు. గింజలో రెండు వారసత్వాలు కలుస్తాయి గనుక పండు ఎట్లుండునో చెప్పలేము. కొమ్మలో తల్లి గుణమే యథాతథంగా వస్తుంది. ఉర్లగడ్డకు కన్నే మొలక. చింతామణి ప్రాంతపు బాదామి మామిడికి అంటే శరణ్యం.

అయితే ఈ సౌలభ్యంలోనే ప్రమాదమున్నది. తోటలోని మొక్కలన్నీ ఒకే తల్లి ప్రతిరూపాలైతే, ఒకదానిని కూల్చిన తెగులు అన్నింటినీ కూల్చగలదు. ఐర్లండు ప్రజలు ఎక్కువగా ఒకే రకం ఉర్లగడ్డపై ఆధారపడి ఉండగా, 1845లో అంగమారి తెగులు సోకింది. ఆ తరువాతి కరవులో సుమారు పది లక్షల మంది మరణించారు. గడ్డలో దాగిన తెగులు మరుసటి పంటకూ సంక్రమిస్తుంది. కనుక విత్తనపు గడ్డను, నాటే కొమ్మను ఆరోగ్యమైన పైరు నుండే తీసుకోవాలి.

మరొక విన్నపం. ఫలసాయం తక్కువని గట్టుమీది నాటు మామిడిని నరికివేయకండి. గింజ నుండి పుట్టిన ఆ చెట్లు ఒకదానినొకటి పోలవు. రేపటి తెగులుకు తట్టుకొనే గుణం వాటిలో ఏ చెట్టున దాగియున్నదో ఎవరెరుగుదురు? బాదామి అంటుకు క్రింద వేరూనిన మొక్క కూడా సాధారణంగా నాటు టెంక నుండి మొలచినదే.

బాగేపల్లి, చింతామణి సీమలలో పెరిగిన మనమూ అంటుమొక్కలమే. ఇంట తెలుగు, కార్యాలయంలో కన్నడం. వేరు, కొమ్మ ఏకమై అతుక్కొన్నప్పుడే అంటు నిలుస్తుంది. కొమ్మ కాపు కాచింది కదా అని వేరుకు నీరు మానివేస్తే చెట్టు నిలువదు.