జపాన్ వాళ్లు గీసిన రాముడు

ఇయ్యాల ఓ సినిమా కబురు. కథ మన రామాయణమే. గీసిందేమో జపాన్ వాళ్లు!

యుగో సాకో అనే ఆయన 1983లో పురావస్తు తవ్వకాల మీద డాక్యుమెంటరీ కోసం మన దేశానికొచ్చాడు. రామకథ విన్నాడు. ఇక వదల్లేదు. కోయిచి ససాకి, మన రామ్ మోహన్‌తో కలిసి సినిమా తీశాడు. పేరు ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’.

కంప్యూటర్ బొమ్మలనుకునేరు. కాదండీ, చేత్తో గీసినవి. కన్నురెప్ప కదలాలన్నా బొమ్మ మీద బొమ్మ గీయాల్సిందే.

మన ఒంటిమిట్ట గుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు. గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. సినిమాలో ఆ లోటు లేదు. నాకైతే ఆయన సముద్రం దాటే ఘట్టమొక్కటే చాలు!

2025 జనవరిలో తెలుగు మాటలతోనూ థియేటర్లకొచ్చింది. చేత్తో గీసిన రామాయణం, తెలుగులో ఉంది. గుర్తుపెట్టుకోండి. వీలైతే పిల్లలతో కూర్చుని చూడండి.