బాలల కీళ్ళవాతము: రోగనిర్ణయమునకు దారి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



కీళ్ళవాతము ముసలివారి వ్యాధియని లోకమున నొక నమ్మిక పాతుకొనియున్నది. తాతగారు గోడ పట్టుకొని లేచుట, అవ్వగారు మోకాళ్ళకు తైలము మర్దించుకొనుట ప్రతి యింటను కనబడు దృశ్యములే. కాని మూడేండ్ల బిడ్డకును ఈ వ్యాధి రావచ్చుననిన వినువారు విశ్వసింపరు. ఈ యవిశ్వాసమే వ్యాధికన్న ముందుగా బిడ్డకు శత్రువగుచున్నది. తల్లిదండ్రులు సందేహింపనిదే వైద్యుని యొద్దకు పోరు. తగిన వైద్యుని యొద్దకు పోనిదే రోగము నిర్ణయింపబడదు. నిర్ణయము లేక గడచిన ప్రతి నెలయు కీలునకు నష్టమే.

1897వ సంవత్సరమున లండను నగరములోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో పనిచేయుచుండిన జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అను యువవైద్యుడు, దీర్ఘకాలపు కీళ్ళవాపుతో బాధపడు 22 మంది బాలబాలికలను పరిశీలించి యొక వ్యాసము ప్రకటించెను. పిల్లలకు వచ్చు ఈ జబ్బు పెద్దల కీళ్ళవాతమునకు చిన్న నకలు కాదనియు, దీని తీరు వేరనియు ఆయన చూపెను. అదే సంవత్సరము ఆగస్టు నెలలో సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. రాస్ కనుగొన్న సంగతి నేడు బడిపిల్లవానికిని తెలియును. స్టిల్ చెప్పిన మాట నూటయిరువదియైదేండ్లు దాటినను పల్లెలకు చేరలేదు.

ఈ వ్యాధిని నేటి వైద్యులు జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్ అందురు. పదునారేండ్లు నిండకముందు మొదలై, ఆరు వారములకు తక్కువ కాకుండ నిలిచి, వేరొక కారణము కానరాని కీళ్ళవాపు అని దాని యర్థము. దేహమును కాపాడవలసిన రక్షకశక్తియే దారితప్పి, కీలు లోపలి మెత్తని పొరమీద తిరుగబడును. ఆ పొర ఉబ్బి, నీరు చేరి, క్రమముగా మృదులాస్థిని, ఎముకను తినివేయును. కావలివాడే యింటిలో చొరబడినట్లన్నమాట. ఇందు ఏడు తెగలు కలవని పండితులు విభజించిరి. కొందరికి ఒకటి మొదలు నాలుగు కీళ్ళు మాత్రమే వాచును. కొందరికి అయిదును, అంతకు మించియు వాచును. మరికొందరికి దినదినము ఎక్కి దిగు తీవ్రజ్వరము, ఒంటిపై లేత యెఱుపు దద్దులు, ఆ పిమ్మట కీళ్ళవాపు కనబడును. స్టిల్ పేరు నేటికిని నిలిచియున్నది ఈ చివరి తెగకే.

ఇక రోగనిర్ణయమునకై కుటుంబములు పడు ప్రయాస యెట్టిదో తెలియుటకు హైదరాబాదు పాతబస్తీలో, లాల్‌దర్వాజా ప్రాంతమున కాపురమున్న యొక తెలుగు కుటుంబమును ఊహింపుడు. ఇంట మూడేండ్ల బాలిక. ఒకనాటి యుదయమున ఆ బిడ్డ మంచము దిగి కుంటుచు నడచినది. జామెక్కునప్పటికి కుంటు తగ్గి, మధ్యాహ్నము గల్లీలో తోటిపిల్లలతో ఆడుకొన్నది. ‘ఎక్కడో పడియుండును’ అని తల్లి సరిపెట్టుకొన్నది. రెండు వారములకు మోకాలు బొద్దుగా కనబడినది, తాకిన వెచ్చగానున్నది, అయినను బిడ్డ యేడ్వదు. ‘ఏడ్వని నొప్పికి మందెందుకు’ అని నాయనమ్మ యన్నది. దిష్టి తీసిరి, తాయెత్తు కట్టిరి, దర్గాకు తీసికొనిపోయి ఊదించిరి. బెణికినదని కట్టు కట్టించిరి. కట్టుతో కీలు మరింత బిగిసినది. వీధి చివరి దుకాణమున దొరకిన యేదో పొడి వేయగా రెండు దినములు వాపు తగ్గి, మానిన వెంటనే తిరిగి వచ్చినది. ఇట్లు ఆరు నెలలు గడచిపోయినవి.

ఇది కల్పనయే. కాని ఇందలి యే మెట్టును అసాధారణము కాదు. ప్రతి మెట్టును ప్రేమతో వేసినదే; ప్రతి మెట్టుతోడను కాలము చేజారినది. ఆ తల్లిని నిందించుట తగదు. ఆమెకు చెప్పవలసిన సంగతులు ఎవరును చెప్పకపోవుటయే లోపము.

మొదటి సంగతి: చిన్నబిడ్డ నొప్పియని చెప్పదు. చేయనేరని పనిని మానివేయును. నడచుచుండిన పిల్ల ఎత్తుకొనుమని మారాము చేయుట, మెట్లు దిగుటకు వెనుకాడుట, బాసింపట్లు వేసికొని కూర్చుండలేకపోవుట, గుండీలు పెట్టుకొనుటకు గాని పలక పట్టుకొనుటకు గాని చేయి తిరుగకపోవుట, ఇవియే దాని మాటలు.

రెండవది: వేళను గమనింపవలెను. నిద్రలేచినప్పుడును, చాలసేపు కదలక కూర్చుండి లేచినప్పుడును కీలు బిగిసి, తిరుగగా తిరుగగా సడలుట ఈ వ్యాధి లక్షణము. దీనికి భిన్నముగా, సాయంకాలమున గాని రాత్రి గాని రెండు కాళ్ళును లాగి, ఒత్తిన హాయిగానుండి, తెల్లవారునప్పటికి బిడ్డ లేడిపిల్లవలె పరుగెత్తుచున్నచో అవి ప్రాయికముగా ‘ఎదుగుదల నొప్పులు’. వానిలో కీలు వాయదు, కుంటుట యుండదు.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. కీలు వాచిన ప్రతి బిడ్డకును ఈ వ్యాధియే యని తలంపరాదు. ముందుగా ఇతర వ్యాధులను తొలగించుకొనుటయే రోగనిర్ణయములో సగము పని. ఒక్క కీలు హఠాత్తుగా వాచి, ఎఱ్ఱనై, తీవ్రజ్వరముతో బిడ్డ కాలు కదపనీయనిచో కీలులో చీము పట్టినదేమోయని భయపడవలెను. అప్పుడు ఒక రాత్రి యాగుటయు ప్రమాదము. ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను. ఇంట క్షయరోగి యున్నచో ఎముకల క్షయను మరువరాదు. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారములకు జ్వరముతో నొప్పి యొక కీలునుండి మరియొక కీలునకు దుముకుచున్నచో అది గుండెను కరచు రుమాటిక్ జ్వరము కావచ్చును. ఈ రెండు వాతములను ఒకటిగా భావించుట వలన జరుగు పొరపాటు చిన్నది కాదు. ఏ.ఎస్.ఓ. అను నొక్క రక్తపరీక్ష హెచ్చుగా వచ్చినంత మాత్రమున కొందరు పిల్లలకు మూడు వారములకొక పెనిసిలిన్ సూది సంవత్సరముల తరబడి పడుచుండును. వాచిన కీలు వాచినట్లే యుండును. ఆ పరీక్ష గతములో సోకిన క్రిమిని తెలుపును గాని, కీలువాపునకు కారణమును తానొక్కతియే చెప్పజాలదు.

ఇంకను భయంకరమైనది రక్తపు క్యాన్సరు. రాత్రివేళ నిద్రలేపునంతటి ఎముకల నొప్పి, ముఖము పాలిపోవుట, బరువు తగ్గుట, ఒంటిపై నల్లని మచ్చలు, కీలువాపునకు మించిన బాధ ఉన్నచో వైద్యులు మొదట దానిని శోధింతురు. కావలసివచ్చిన ఎముకమూలుగను పరీక్షింతురు. ఈ శోధన ముగియకముందే స్టిరాయిడు మందు పడినచో అది క్యాన్సరును తాత్కాలికముగా కప్పిపుచ్చి, నిర్ణయమునకు అడ్డువచ్చును. పేరులేని పొడులలో స్టిరాయిడు కలిసియుండవచ్చును. కావున రెండు దినములలో నొప్పి మాయముచేయు పొడి యేదియైనను, దానిలోనేమున్నదో తెలియనిదే బిడ్డ నోట వేయరాదు.

నాల్గవ సంగతి: ఈ వ్యాధిని తేల్చు ఒక్క పరీక్ష లేదు. రక్తకణముల లెక్క, ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనునవి వాపు తీవ్రతను సూచించును. అవి బాగుగానున్నను వ్యాధి యుండవచ్చును. పెద్దలలో పేరుపొందిన రుమటాయిడ్ ఫ్యాక్టరు ఈ పిల్లలలో చాలమందికి కనబడదు. అది లేదనుటచే వ్యాధి లేదనరాదు. తొలినాళ్ళ ఎక్స్‌రేలో ఎముక చక్కగనే యుండును. అల్ట్రాసౌండు లోపలి నీటిని చూపగలదు. కాని నిర్ణయమంతయు అనుభవజ్ఞుడైన వైద్యుడు ప్రతి కీలును తాకి, వంచి, బిడ్డ నడకను చూచి, కథనంతయు వినుటపై నాధారపడియున్నది.

అట్టి వైద్యుడు దొరకుటెట్లు? పాతబస్తీ వైద్యశాలలకు కొత్త కాదు. చార్మినారు చెంత నిజామియా యునానీ వైద్యశాల కలదు. పురానీ హవేలీలో దుర్రుషెహ్వార్ పేర పిల్లల ఆసుపత్రి కలదు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ పాత ఆసుపత్రి కొట్టుకొనిపోగా, పిమ్మట మూసీ యొడ్డుననే ఉస్మానియా ఆసుపత్రి వెలసెను. ఏరు దాటి పోయినచో రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రియు, పంజగుట్టలో నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థయు కలవు. 1964లో ఎముకల ఆసుపత్రిగా ఆరంభమైన ఈ సంస్థలో నేడు కీళ్ళవాతములకు ప్రత్యేకశాఖ కలదు. పల్లెవాసి మొదట తన ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందో, జిల్లా ఆసుపత్రిలోని పిల్లల వైద్యునియొద్దనో చూపించి, ఒకే కీలు ఆరు వారములు వాచియున్నదని స్పష్టముగా చెప్పి, రుమటాలజిస్టు అనబడు కీళ్ళవాత నిపుణునకు చీటి వ్రాయించుకొనుట మంచిది.

చీటితోబాటు ఒక చిన్న నోటుపుస్తకమును పట్టుకొనిపోవలెను. కుంటుట యెన్నడు మొదలైనది, ఉదయమున బిగింపు ఎంతసేపున్నది, జ్వరమే వేళ వచ్చినది, ఏ మందులు వాడినది వ్రాసియుంచవలెను. వాచిన కీలును, మెరసి మాయమగు దద్దును సెల్‌ఫోనులో ఫోటో తీసియుంచవలెను. దద్దు వైద్యుడు చూచు వేళకు కనబడకపోవచ్చును. హకీము మందైనను, నాటుమందైనను దాచక చెప్పవలెను.

కంటి సంగతి వేరుగా చెప్పదగినది. ఈ వ్యాధి గల పిల్లలలో, అందును కొద్దికీళ్ళు వాచిన చిన్న బాలికలలో, కంటి లోపల వాపు రావచ్చును. కన్ను ఎఱ్ఱబారదు, నొప్పి పుట్టదు, చూపు మాత్రము మెల్లగా తరిగిపోవును. ఏ.ఎన్.ఏ. అను రక్తపరీక్ష అనుకూలముగా వచ్చినవారికి ఈ యపాయ మెక్కువ. అట్టివారికి తొలి సంవత్సరములలో ప్రతి మూడు నెలలకును కంటివైద్యునిచే స్లిట్‌ల్యాంపు అను పరికరముతో పరీక్ష చేయింపవలెను. మోకాలు కుదిరినదని కంటిపరీక్ష మానరాదు.

రోగము నిర్ణయమైన పిమ్మట నిరాశకు తావు లేదు. వాపు తగ్గించు మందులు, కీలులోనికి సూదిమందు, వ్యాయామ చికిత్స, చాలని యెడల మెథోట్రెక్సేటు, దానికిని లొంగనిచో జీవసంబంధమైన కొత్త సూదిమందులు కలవు. మెథోట్రెక్సేటు కథలో తెలుగువాని చేయి గలదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థయందు ఫోలిక్ ఆమ్లముమీదను, దానికి విరోధులైన మందులమీదను పరిశోధన నడపిరి. ఆ పరిశోధన నుండి వెలువడినదే మెథోట్రెక్సేటు. క్యాన్సరుకై పుట్టిన ఈ మందు తక్కువ మోతాదులో పిల్లల కీళ్ళవాతమునకు మేలుచేయునని 1992లో ప్రకటింపబడిన అమెరికా, సోవియట్ వైద్యుల ఉమ్మడి పరిశోధన రుజువుచేసెను. 1948లో దివంగతులైన సుబ్బారావుగారు ఈ ఫలము చూడలేదు. ఇందొక హెచ్చరిక: ఈ మందు వారమున కొక్కమారు మాత్రమే వేయవలసినది, దినదినము వేసిన ప్రాణాపాయము. రక్తపరీక్షలు తప్పక చేయించుకొనుచుండవలెను.

మందుకన్న కఠినమైన చిక్కు మరియొకటి యున్నది. ఆడపిల్లకు కీళ్ళజబ్బని తెలిసిన రేపు పెండ్లి కాదని కొన్ని కుటుంబములు రోగమును దాచుచున్నవి, బడి మాన్పించుచున్నవి. దాచినందువలన రోగము దాగదు, కీలు మాత్రము వంకరపోవును. వేళకు చికిత్స పొందిన పిల్లలలో అనేకులు చదువుకొని, ఉద్యోగములు చేసి, సంసారము సాగించుకొనుచున్నారు. వంకరపోయిన మోకాలు పదిమందికిని కనబడును. నిర్ణయమై నయమైన మోకాలు ఎవరికిని కనబడదు. దాచగోరువారును ఈ లెక్క చూచుకొనవలెను. బడిపంతులు ఉదయపు బిగింపును సోమరితనముగా నెంచక, మొదటి గంటలో బిడ్డ లేచి నాలుగడుగులు నడచుటకు అనుమతించిన అదియే పెద్ద సాయము.

గ్రంథాలయమున ఈ ప్రసంగమునకు చోటేమని యెవరైన నడుగవచ్చును. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రికి సమీపముననే, 1891లో స్థాపితమైన ఆసఫియా గ్రంథాలయము, నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము, 1936 నుండి నిలిచియున్నది. వైద్యాలయము రోగికి మందునిచ్చును. ఆ వైద్యాలయమునకు ఎప్పుడు పోవలెనో తెలుపునది గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున దినపత్రికను బిగ్గరగా చదివి వినిపించిన ఆచారమున్నది. ఆ చదువరులు నెలకొక్కమారు ఆరోగ్యవిషయమును గూడ చదివి వినిపింతురు గాక. ఉదయమున కుంటు బిడ్డ, ఆరు వారములు తగ్గని వాపు: ఈ రెండు మాటలు గ్రామమందలి ప్రతి తల్లి చెవినిబడినచో, ఏ యింటనో ఒక బిడ్డ మోకాలును, మరియొక బిడ్డ కన్నును దక్కును. రజతోత్సవమునకు అంతకు మించిన కానుక యుండబోదు.