ఖాళీ పెట్టెలో మొదటి వాంగ్మూలం



మీలో కొందరికి ఆర్టిక్లింగ్‌కు, అంటే న్యాయవాది దగ్గర చేసే శిక్షణకు, చోటు ఇప్పటికే ఖాయమైంది. వారికి నా మనఃపూర్వక అభినందనలు. ఇంకా చోటు దొరకనివాళ్లూ ఈ హాల్లో ఉన్నారు. భారతదేశంలో లా చదివి, అక్కడ నల్లకోటు వేసుకుని, కెనడాకొచ్చి, విదేశీ లా పట్టాలకు గుర్తింపు కోసం రాయాల్సిన ఎన్‌సీఏ పరీక్షలు ఒక్కొక్కటే దాటుతున్నవాళ్లు ఉన్నారు. బీఏ పట్టా పుచ్చుకుని, వచ్చే సెప్టెంబరులో లా స్కూల్లో అడుగు పెట్టబోతున్నవాళ్లూ ఉన్నారు. నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది వీళ్లతో. అదీ ఒక్క విషయం గురించే. లా ఫర్ముల దరఖాస్తుల్లో, అవునని కాదని తేల్చి చెప్పడానికి వీల్లేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి కదా, వాటికి ఏం రాయాలన్నదే ఆ విషయం.

పట్టాలిచ్చే రోజున ఎత్తాల్సిన ముచ్చటేనా ఇది అని పెద్దలకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఈ రోజు ఇంతకంటే ముఖ్యమైనది తోచలేదు. టొరంటోలో విద్యార్థుల దరఖాస్తులు చదివే పని చాలా ఏళ్లుగా నా మీద ఉంది. మన పిల్లల మార్కులు చూస్తే కడుపు నిండుతుంది. వాళ్లు రాసిన జవాబులు చదివితే దిగులేస్తుంది, ఎందుకంటే ఆ జవాబుల్లో ఎంత వెతికినా వాళ్లు కనపడరు.

ప్రశ్నలు మీకు తెలిసినవే. మా దగ్గరే ఎందుకు పనిచేయాలనుకుంటున్నారు? మీకెదురైన ఒక కష్టం గురించి, దాన్ని దాటిన తీరు గురించి చెప్పండి. మీ గురించి మేం ఇంకేమైనా తెలుసుకోవాలా? కొన్ని ఫర్ములు ఫారంలో ఖాళీ పెట్టెలు పెట్టి, ఇన్ని మాటలకు మించవద్దని షరతు పెడతాయి. ఎక్కువ ఫర్ములు కవర్ లెటర్ అడిగి ఊరుకుంటాయి, కానీ ఆ లెటరు కూడా జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నలకే. టొరంటోలో వేసవి ఉద్యోగాల నియామకాలకు ఒంటారియో లా సొసైటీ తేదీలు నిర్ణయిస్తుంది కాబట్టి దరఖాస్తులన్నీ ఒక్క విడతలో వచ్చి పడతాయి. అంత కుప్పలో, "చిన్నప్పటి నుంచీ న్యాయమంటే ఆసక్తి, కష్టపడే స్వభావం, మీ సంస్థ పేరు ప్రతిష్ఠలు నన్ను ఆకర్షించాయి" అన్న వాక్యం ఎవరిదో ఎలా గుర్తుంటుంది? మీరు రాసిన వాక్యంలో మీ పేరు తీసి పక్కవాడి పేరు పెట్టి చూడండి. అప్పుడూ అది చెల్లుబాటైతే కొట్టేయండి.

మరి ఏం రాయాలి? దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఈ ఒంటారియోలోనే ఉంది. డెలోస్ రోజెస్ట్ డేవిస్ 1846లో అమెరికాలోని మేరీలాండ్‌లో పుట్టారు. నల్లజాతి కుటుంబం. ఆయన చిన్నతనంలోనే వాళ్లు సరిహద్దు దాటి ఎసెక్స్ కౌంటీకి వచ్చి స్థిరపడ్డారు. డేవిస్ బడిపంతులుగా పనిచేశారు. 1871లో ప్రమాణపత్రాలు తీసుకునే కమిషనరయ్యారు, 1873లో నోటరీ అయ్యారు. న్యాయవాది కావాలంటే ఆనాడు ఒక న్యాయవాది దగ్గర ఆర్టిక్లింగ్ చేసి తీరాలి. ఏళ్ల తరబడి తిరిగినా ఆయన్ను చేర్చుకున్న వకీలు లేడు. చివరికి ఆయన ఒంటారియో శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు. 1884లో ఆయన ఒక్కరి కోసం, ఆయన పేరు మీద, సభ ఒక చట్టం చేసింది. రుసుము కట్టి పరీక్ష నెగ్గితే సొలిసిటర్‌గా చేర్చుకోవచ్చని దాని సారాంశం. ఆయన పరీక్ష నెగ్గి 1885లో సొలిసిటర్ అయ్యారు. బారిస్టర్ కావడానికి 1886లో ఇంకో చట్టం కావలసి వచ్చింది, అదీ సాధించారు. ఆమ్‌హెర్స్ట్‌బర్గ్‌లో ప్రాక్టీసు పెట్టారు. 1910లో కింగ్స్ కౌన్సెల్ గౌరవం దక్కింది.

నేను మీకు ఆయన పట్టుదల గురించి చెప్పడం లేదు, అది మీకూ ఉంది. ఆయన తన అర్జీని దేని మీద నిలబెట్టారో చూడమంటున్నాను. నేను ఫలానా చదువు చదువుకున్నాను, ఫలానా పనులు చేశాను, నా రంగు కారణంగా ఏ వకీలూ నన్ను చేర్చుకోలేదు, అందుచేత ఫలానా సహాయం కావాలి. జరిగింది, దానికి కారణం, ఇప్పుడు కోరుతున్నది. ఆ మూడూ ఉన్నాయి కాబట్టే, ఆ కాలపు సభ్యులు కూడా కాదనలేక తమ చట్టం పీఠికలోనే ఆయన రంగు మీది ద్వేషాన్ని ఒప్పుకుని రాయాల్సి వచ్చింది. "నేను పట్టుదల గలవాణ్ణి" అని ఆయన రాసుకుని ఉంటే ఆ కాగితం ఏ అల్మారాలోనో పడి ఉండేది.

మన ఇళ్లలో పిల్లలకు నేర్పే వినయం ఇక్కడ అడ్డొస్తోందని నా అభిప్రాయం. సొంత డబ్బా కొట్టుకోకూడదంటాం. మంచి మాటే. కానీ జరిగింది జరిగినట్టు చెప్పడం డబ్బా కొట్టుకోవడం కాదు. ఒకమ్మాయి తన జవాబులో నాయకత్వ లక్షణాల గురించి ఓ పేరా నింపింది, ఒక్క ముక్క పట్టుబడలేదు. ఇంటర్వ్యూలో మాటల మధ్య అసలు సంగతి బయటపడింది. ఇంటి యజమాని, సొంతానికి ఇల్లు కావాలంటూ ఎన్12 నోటీసు ఇచ్చాడు. వాళ్ల నాన్నగారికి ఆ ఇంగ్లిష్ అర్థం కాలేదు. హైస్కూల్లో ఉన్న ఈ పిల్ల కూర్చుని చట్టం చదివింది. అరవై రోజుల గడువు ఉండాలనీ, ఒక నెల అద్దెకు సమానమైన పరిహారం ఇవ్వాలనీ తెలుసుకుంది. ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకు వెళ్లాల్సిన కాగితాలన్నీ తానే సిద్ధం చేసింది. "ఇదెందుకు రాయలేదమ్మా?" అని అడిగాను. "అది ఇంటి విషయం కదండీ" అంది. ఆ ఇంటి విషయంలోనే ఒక న్యాయవాది ఉందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తల్లిదండ్రులారా, ఈ మాట మీతో కూడా అంటున్నాను. మీరు నైట్ షిఫ్టులు చేసిన సంగతి, మీ కాగితాలు మీ పిల్లలు చదివిపెట్టిన సంగతి వాళ్లు బయట చెప్పుకుంటే మీ పరువు పోదు. రాసుకోనివ్వండి.

అలాగని కష్టాన్ని అమ్మకానికి పెట్టమని అనడం లేదు. కష్టం గురించి అడిగారంటే మీ జీవితంలోకెల్లా పెద్ద దుఃఖాన్ని బయట పెట్టమని కాదు. చెప్పుకోవడం ఇష్టం లేనిది మీ దగ్గరే ఉంచుకోండి, దాని మీద ఏ ఫర్ముకూ హక్కు లేదు. వాళ్లకు కావలసింది చిక్కులో పడినప్పుడు మీ బుర్ర ఎటు నడిచిందన్నది. చిన్న చిక్కయినా చాలు.

భారతదేశంలో ప్రాక్టీసు చేసి వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీ దరఖాస్తుల్లో అక్కడి ఏళ్లు ఒక్క వాక్యంలో ముగిసిపోతున్నాయి, తప్పేదో దాస్తున్నట్టు. సిటీ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ పిటిషన్లు రాశారు, సాక్షుల్ని క్రాస్ చేశారు, వాయిదా పడ్డ రోజున కక్షిదారుకు నచ్చజెప్పారు. ఇక్కడ పుట్టి పెరిగిన విద్యార్థికి ఆ వయసులో ఇవేవీ తెలియవు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా సంపాదిస్తూ కూడా, ఆ హోదాతో మద్రాసు హైకోర్టులో వాదించే వీల్లేక, ముప్పై దాటిన వయసులో లండన్ వెళ్లి బారిస్టరీ చదివి 1907లో తిరిగొచ్చారు. మళ్లీ మొదలుపెట్టడం మన వృత్తిలో కొత్తదేం కాదు. పౌరసత్వం ఇంకా రాలేదని వెనకాడేవాళ్లకు ఆండ్రూస్ కేసు గుర్తు చేస్తాను. న్యాయవాదికి కెనడా పౌరసత్వం ఉండి తీరాలన్న బ్రిటిష్ కొలంబియా నిబంధనను సుప్రీంకోర్టు 1989లోనే కొట్టేసింది.

ఇక నిజాయితీ సంగతి. 2001లో టొరంటో విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది లా విద్యార్థులు కొందరు వేసవి ఉద్యోగాల కోసం తమ డిసెంబరు పరీక్షల మార్కులు పెంచి ఫర్ములకు పంపారు. విచారణ జరిగింది, కొందరు ఏడాది పాటు సస్పెండయ్యారు. ఆ వయసు పిల్లల్ని తలచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. రేపు లైసెన్సు కోసం లా సొసైటీ ముందుకు వెళ్లినప్పుడు మీ నడవడి గురించి అడుగుతారు. మీరు ఫర్ముకు రాసిన మాట కూడా మీ నడవడిలో భాగమే.

జవాబులు యంత్రం చేత రాయిస్తున్నవాళ్లు ఉన్నారని నాకు తెలుసు, చదువుతుంటే తెలిసిపోతుంది. 2024 ఫిబ్రవరిలో, ఝాంగ్ వర్సెస్ చెన్ కేసులో, చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను కోర్టు ముందు ఉదహరించినందుకు బ్రిటిష్ కొలంబియాలో ఒక న్యాయవాది ఖర్చుల్లో కొంత సొంత జేబులోంచి కట్టాల్సి వచ్చింది. అక్షర దోషాలు దిద్దించుకోవడానికి వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. మీ జీవితంలో ఏం జరిగిందో మాత్రం దానికి తెలియదు. తెలియనిచోట అది కల్పిస్తుంది, ఆ కల్పన కింద సంతకం మీదవుతుంది.

"మా దగ్గరే ఎందుకు?" అన్న ప్రశ్నకు ఫర్ము వెబ్‌సైటులోని గొప్పలు తిరిగి వాళ్లకే అప్పజెప్పకండి. కాన్‌లీ అనే తీర్పుల వెబ్‌సైటు తెరవండి, ఉచితమే. మీకు ఆసక్తి ఉన్న రంగంలో ఈ మధ్య వచ్చిన తీర్పులు తీయండి. ఎవరి తరఫున ఏ న్యాయవాది వాదించారో తీర్పు మొదట్లోనే ఉంటుంది. ఆ ఫర్మువాళ్లు వాదించిన ఒక్క తీర్పును చివరిదాకా చదివి, అందులో మిమ్మల్ని ఆపిన వాదన ఏదో, ఎందుకు ఆపిందో రాయండి. వాళ్లు ఓడిన కేసయినా ఫరవాలేదు. ఒక సాయంత్రం పనిది. చేసేవాళ్లు ఎంత అరుదో చదివే కుర్చీలో కూర్చుంటే గానీ తెలియదు.

ఇన్ని చేసినా చోటు రాకపోవచ్చు. అది మీ విలువకు తూకం కాదు, చోట్లు తక్కువ. ఒంటారియోలో 2014 నుంచి లా ప్రాక్టీస్ ప్రోగ్రామ్ ఉంది. నాలుగు నెలల శిక్షణ, నాలుగు నెలల పని, ఆర్టిక్లింగ్‌తో సమానంగా లెక్క. దాన్ని చిన్నచూపు చూడకండి. ఆ దారిన వచ్చినవాళ్లూ కోర్టుల్లో ధీమాగా నిలబడి వాదిస్తున్నారు. దానిలోనూ పని ఇచ్చేవాళ్లకు దరఖాస్తు రాయాల్సిందే, ఇవే ప్రశ్నలు మళ్లీ ఎదురవుతాయి. భోజనాలయ్యాక నేను కింద గదిలో ఉంటాను. ఎవరి దగ్గరైనా సగం రాసిన జవాబుంటే పట్టుకు రండి, కలిసి చదువుదాం.