నేల జరిగినను పగులని గొట్టము

ఉక్కు గొట్టమును రెండు కొసలనుండి నొక్కినను, నడుమ వంచినను కొంతవరకు ఓర్చుకొనును. ఆ రెండును ఒక్కమారే పైబడినచో వంపు లోపలివైపున గోడ ముడుతపడును. లోపలి చమురు ఒత్తిడి ఆ గోడను లోనికి అణగనీయదు గాని, వెలుపలికి ఉబ్బించును. ముడుత పగిలెనా, చమురంతయు నేలపాలు!

అలాస్కాలో 1977లో పనిచేయ నారంభించిన 800 మైళ్ల చమురు మార్గమునకు ఈ ప్రమాదము కలదు. అది దెనాలి అను భూభ్రంశమును దాటుచున్నది. ఇంజనీర్లు అచట 48 అంగుళముల గొట్టమును నేలలో పాతక, పొడవైన ఉక్కు దూలములపై జారునట్లు నిలిపిరి. 2002 నవంబరు 3న 7.9 తీవ్రతగల భూకంపము వచ్చి, ఆ చోట నేల సుమారు 14 అడుగులు ప్రక్కకు జరిగినది. కొన్ని ఆధారములు చెడినవి. చమురు మాత్రము ఒలుకలేదు.

ఉక్కు బలమొక్కటే చాలదనియు, కదలుటకు చోటిచ్చుటయు రక్షణయే యనియు మనము గ్రహింపవలెను.